బీమా లేకున్నా పన్ను నిలబెట్టుకోవచ్చు: వరంగల్, ఉత్తర తెలంగాణ జిల్లాల్లో సర్కారు దంత వైద్యం అందుకునే తీరు

హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు కూడా పంటి దగ్గరికి వచ్చేసరికి లేనివాళ్ల కిందే లెక్క. ప్రమాదంలో దవడకో పళ్లకో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప, పిప్పిపన్నుకు సిమెంట్ పెట్టించుకున్నా, రూట్ కెనాల్ (పంటి లోపలి పాడైన నరం తీసి, శుభ్రం చేసి మూసే పని) చేయించుకున్నా చాలా పాలసీల్లో పైసా రాదు. ఆరోగ్యశ్రీ ఉంది కదా అని డెంటల్ క్లినిక్ మెట్లెక్కితే అక్కడా చుక్కెదురే. కాజీపేటలో ఆటో నడిపే మనిషికైనా, హన్మకొండలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే టీచరమ్మకైనా, పరకాల దగ్గర కౌలుకు పత్తి వేసిన రైతుకైనా పన్ను పాడైతే రెండే దారులు. వేలు పోసి ప్రైవేటులో చేయించుకోవాలి, లేదంటే సర్కారు దవాఖానకు పోవాలి.

సర్కారు దవాఖాన అనగానే "అక్కడ పీకుడే గానీ బాగు చేసుడు ఉండదు" అనే మాట మన దగ్గర గట్టిగా నాటుకుపోయింది. అందులో సగమే నిజం. పన్ను తీసేయడం అక్కడ ఉచితం, నిలబెట్టడం కూడా చాలావరకు ఉచితమే. మొదటిది అడక్కుండానే జరిగిపోతుంది, రెండోదాన్ని నోరు తెరిచి అడగాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరిని, ఏమని అడగాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఈ వ్యవస్థ ఎట్లా ఉందో తెలుసుకోండి

కేంద్రం 2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. జిల్లా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో దంత విభాగాలకు కావాల్సిన కుర్చీ, పరికరాలు, సిబ్బంది, వాడుక సామగ్రి కోసం రాష్ట్రాలకు దీని కింద నిధులు ఇస్తారు. ఈ కార్యక్రమానికి విడిగా కార్డంటూ ఏమీ లేదు. పేరు నమోదు చేసుకోవాల్సిన పని లేదు, ఆదాయ ధ్రువపత్రం అడగరు. తెల్ల రేషన్ కార్డు లేనివాళ్లు కూడా ఓపీ చీటీ రాయించుకుని కూర్చోవచ్చు. చాలామంది "మాకు కార్డు లేదు గదా" అని ఇంట్లోనే ఆగిపోతున్నారు కాబట్టి ఈ మాట రెండోసారి చెబుతున్నా: ఓపీలో పళ్లు చూపించుకోవడానికి ఏ పథకం కార్డూ అక్కర్లేదు.

ఆరోగ్యశ్రీ వేరు. అది ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సలకు. దాని సంగతి కింద విడిగా చెప్తాను.

మొదటి పని: ఆగొచ్చా, ఆగకూడదా తేల్చుకోండి

కొన్ని లక్షణాలు కనిపిస్తే డెంటల్ ఓపీ తెరిచేదాకా చూడొద్దు. వాపు దవడ కిందికి, గొంతు వైపుకు దిగుతున్నా, పైకి కంటి దాకా ఎక్కినా, నోరు తెరవడం కష్టమైనా, ఉమ్మి మింగలేకపోతున్నా, వాపుతో పాటు చలిజ్వరం వచ్చినా అది పంటి నొప్పి హద్దు దాటిపోయింది. చీము మెడలోకి దిగితే ఊపిరి ఆడదు, ప్రాణం మీదికి వస్తుంది. అర్ధరాత్రయినా 108కు ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకో, దగ్గర్లోని జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీకో పోవాలి. షుగర్ ఉన్నవాళ్లు ఈ విషయంలో ఇంకా తొందరపడాలి.

దెబ్బ తగిలి పిల్లల శాశ్వత పన్ను ఊడి కింద పడిందా? వేరు పట్టుకోవద్దు, పైభాగం పట్టుకుని ఎత్తండి. మట్టి అంటితే నీళ్లతో ఒక్కసారి కడిగి (రుద్దొద్దు) పాలగ్లాసులో వేసుకుని పరుగెత్తండి. గంటలోపు, వీలైతే అరగంటలోపు డాక్టర్ చేతికి చేరితే మళ్లీ అదే చోట కూర్చోబెట్టే అవకాశం బాగా ఉంటుంది. పాలపన్ను అయితే తిరిగి పెట్టరు.

ఇవి కాకుండా సలుపు, జివ్వుమనడం, చిగుళ్ల నుంచి రక్తం, గార, అరిగిన పళ్లు లాంటివన్నీ ఓపీ వేళకు పోవాల్సినవే. ఆ లోపు నొప్పి పడలేక పంటిలో జర్దా కుక్కడం, చిగురు మీద ఆస్పిరిన్ గోలీ నలిపి పెట్టడం చేయకండి. గోలీ పెట్టిన చోట చిగురు తెల్లగా కాలి ఊడివస్తుంది, పంటి నొప్పికి పుండు నొప్పి తోడవుతుంది. లవంగం నమిలితే కాసేపు ఉపశమనం, అంతవరకే. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే నొప్పి రెండు రోజులు పడుకుంటుంది, పిప్పి మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. యాంటీబయాటిక్ గోలీ పంటిలో పడ్డ గుంతను పూడ్చదు.

రెండో పని: ఎక్కడికి పోవాలి

పల్లె దవాఖానలో, బస్తీ దవాఖానలో పంటి కుర్చీ ఉండదు. అక్కడి డాక్టర్ నొప్పికి మందిచ్చి పైకి రాసి పంపుతారు. బీపీ, షుగర్ అక్కడే చూపించుకుని ఆ కాగితం వెంట తీసుకుపోతే పెద్దాసుపత్రిలో ఒక పూట కలిసివస్తుంది. మండల కేంద్రంలోని పీహెచ్‌సీకి పోవాల్సి వస్తే ముందు ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో "పండ్ల డాక్టర్ మనకు దగ్గర ఎక్కడ, ఏ రోజులు కూసుంటరు?" అని అడిగి కదలండి. దంత డాక్టర్ రోజూ ఉండేది ఎక్కువగా సామాజిక ఆరోగ్య కేంద్రాలు, ఏరియా ఆసుపత్రులు, జిల్లా ఆసుపత్రుల్లోనే.

వరంగల్, హన్మకొండ, కాజీపేట వాళ్లకు పెద్ద దిక్కు ఎంజీఎం. కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న బోధనాసుపత్రి, అందులో దంత విభాగం ఉంది. మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, మంచిర్యాల, రామగుండం, నిర్మల్ వాళ్లకు వరంగల్ దాకా వచ్చే అవసరం అన్నిసార్లూ లేదు. గత కొన్నేళ్లలో ఈ జిల్లాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చి, జిల్లా దవాఖానలు బోధనాసుపత్రులయ్యాయి. ఆదిలాబాద్ వాళ్లకు రిమ్స్ ఎప్పటి నుంచో ఉంది. సిమెంట్ పెట్టడం, గార తీయడం, పన్ను తీయడం లాంటి పనికి ముందు మీ జిల్లాలోనే అడగండి.

మీకే తెలియని బీమా మీకు ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి. నెలకు 21,000 రూపాయల లోపు జీతానికి కంపెనీలో, షోరూంలో, మిల్లులో పనిచేస్తూ జీతం చీటీలో ఈఎస్ఐ కోత పడుతుంటే, ఈఎస్ఐ డిస్పెన్సరీ నుంచి పంటి వైద్యానికి పంపించమని అడిగే హక్కు మీకూ, మీ మీద ఆధారపడ్డ ఇంట్లోవాళ్లకూ ఉంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే అమ్మలు కార్మిక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డును పెన్షన్ కోసమే దాచిపెట్టుకుంటారు. బీడీ కార్మికుల డిస్పెన్సరీలో చూపించుకోవడానికీ అదే కార్డు.

మూడో పని: సంచిలో ఏం పెట్టుకోవాలి

ఆధార్, పనిచేసే ఫోన్ నంబరు, పాత చీటీలు, పాత ఎక్స్‌రేలు. వాడే మందుల పేర్లు నోటితో చెప్పడం కష్టం కాబట్టి గోలీల పట్టీలే తీసుకుపోండి. డాక్టర్ అడిగినా అడక్కపోయినా మీరే ముందుగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి: షుగర్, బీపీ, గుండెకు స్టెంటు లేదా వాల్వు ఆపరేషన్, రక్తం పలచబడే గోలీలు, కిడ్నీ జబ్బు, మూర్ఛ, ఇంతకుముందు ఏదైనా సూదికో గోలీకో దద్దుర్లు రావడం. రక్తం పలచబడే గోలీలను పన్ను పీకించుకోవాలని మీ అంతట మీరు ఆపొద్దు. ఆపాలా వద్దా డాక్టర్ చెబుతారు.

పన్ను తీస్తారని తెలిసి పరగడుపున వచ్చేవాళ్లు మన దగ్గర చాలామంది. పెద్ద ఆపరేషన్‌లాగా ఏమీ తినొద్దనుకుంటారు. నిజానికి ఇక్కడ ఇచ్చేది ఆ పన్ను చుట్టూ మాత్రమే మొద్దుబారే మత్తు సూది. ఖాళీ కడుపుతో, పైగా షుగర్ గోలీ వేసుకుని వచ్చి కుర్చీలో కళ్లు తిరిగి పడేవాళ్లుంటారు. కడుపునిండా టిఫిన్ తిని, రోజూ వేసుకునే గోలీలు వేసుకుని రండి.

గర్భిణులు పంటి నొప్పిని తొమ్మిది నెలలూ ఓర్చుకోవాల్సిన పని లేదు. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య చాలా పంటి పనులు నిశ్చింతగా చేయించుకోవచ్చు. వరంగల్ సీకేఎం ప్రసూతి ఆసుపత్రిలోనో హన్మకొండ ప్రసూతి ఆసుపత్రిలోనో నెలవారీ పరీక్షకు పోయినప్పుడు పంటి సంగతి చెప్పి, చీటీ మీద రాయించుకుని దంత విభాగానికి పోండి.

వేళ విషయానికొస్తే పొద్దున్నే పోవాలి. ఓపీ చీటీలు మధ్యాహ్నానికి ఆగిపోతాయి, ఎక్స్‌రే రాస్తే మళ్లీ ఇంకో వరుస ఉంటుంది. సోమవారం, పండుగ సెలవుల మర్నాడు రద్దీ ఎక్కువ. వారం మధ్యలో వస్తే డాక్టర్‌తో రెండు మాటలు ఎక్కువ మాట్లాడొచ్చు, ఆ రెండు మాటల మీదే మీ పన్ను ఆధారపడి ఉంటుంది.

నాలుగో పని: కుర్చీలో కూర్చున్నాక

అసలు విషయం ఇక్కడుంది. దంత ఓపీలో రోజూ కనిపించేదే ఇది. నర్సంపేట వైపు నుంచి వచ్చిన పెద్దమ్మ కుర్చీలో కూర్చోకముందే వేలు దవడ మీద పెట్టి "బిడ్డా, ఇది పీకెయ్యి, రేత్రంత నిద్ర లేదు" అంటుంది. బయట వరండాలో నలభై మంది వరుసలో ఉంటారు. డాక్టరమ్మ చిన్న అద్దం కాడతో పంటి మీద ఇట్లా తట్టి "నొస్తుందా పెద్దమ్మా?" అని అడుగుతుంది. "నొస్తుంది, పీకెయ్యి" అని మళ్లీ అదే మాట. మనిషే పీకమంటుంటే, సూది ఇచ్చి పది నిమిషాల్లో అయిపోయే పనిని వదిలి, మూడుసార్లు తిప్పించుకునే రూట్ కెనాల్ గురించి ఎవరు మొదలుపెడతారు? డాక్టర్‌ను తప్పుపట్టలేం, పెద్దమ్మనూ అనలేం. కానీ నమిలే దవడపన్ను పోతే పక్కపళ్లు ఆ సందులోకి వాలతాయి, ఎదుటి పన్ను కిందికి దిగుతుంది, కొన్నేళ్లకు ఆ వైపు నమలడమే మానేస్తారు.

అందుకే "పీకండి" అని మొదలుపెట్టకండి. ముందు ఈ విషయాలు చెప్పండి. చల్లటిది, తీపి తగిలితే జివ్వుమని వెంటనే పోతోందా? పోతే ఎక్కువసార్లు సిమెంట్‌తో సరిపోతుంది. వేడికి నొప్పి లేచి చాలాసేపు ఉంటోందా, రాత్రి పడుకుంటే పెరుగుతోందా? అయితే లోపలి నరం దాకా పోయినట్టే, రూట్ కెనాల్ మాట వస్తుంది. చిగురు మీద చీముబుడిప ఉందా, పన్ను కదులుతోందా? ఎంతకాలం నుంచి? ఇవి చెప్పి ఒకే ప్రశ్న అడగండి:

"సారూ, ఈ పన్ను నిలబడుతదా? నిలబెట్టే పని ఇక్కడ అయితదా, లేకుంటే ఎక్కడికి రాస్తరు?"

ఈ ప్రశ్నకు వచ్చే జవాబుల్లో ఏది వస్తే ఏం చేయాలో చూద్దాం.

"సిమెంట్ పెడితే చాలు" అంటే అదే రోజు పెట్టించుకోండి. పెట్టాక గంటసేపు ఏమీ తినొద్దు, ఆ రోజు ఆ వైపు గట్టివి, మక్కగారెలు, సకినాలు నమలొద్దు. "ఇది టెంపరరీనా, పర్మనెంటా?" అని స్పష్టంగా అడగండి. తాత్కాలిక సిమెంట్ నొప్పి తగ్గిస్తుంది, దాంతో జనం రెండోసారి రావడం మర్చిపోతారు. కొన్నాళ్లకు అది ఊడి, లోపల మళ్లీ పుచ్చి, అప్పుడు నిజంగానే పీకాల్సి వస్తుంది.

"రూట్ కెనాల్ చేయాలి, చేస్తాం" అంటే రెండు మూడుసార్లు రావాల్సి ఉంటుంది. తేదీ చీటీ మీద రాయించుకోండి. ఒక సంగతి ముందే తెలియాలి: రూట్ కెనాల్ అయిన దవడపన్ను పెళుసుగా మారుతుంది, దాని మీద తొడుగు కావాలి. తొడుగు దగ్గరే సర్కారులో కూడా జేబులో చెయ్యి పెట్టాల్సి రావొచ్చు, ఎందుకంటే ల్యాబ్‌లో చేయించాలి. కనిపించని వెనక పంటికి లోహపు తొడుగు చాలు. పింగాణీ తొడుగు కంటే బాగా చవక, గట్టిగానూ ఉంటుంది.

"రూట్ కెనాల్ కావాలి గానీ ఇక్కడ సామాను లేదు" అంటే అప్పటికప్పుడు "సరే పీకెయ్యండి" అనొద్దు. పన్ను తెరిచి, మందు పెట్టి, తాత్కాలికంగా మూసి పైఆసుపత్రికి రాయమని అడగండి. ఆ చిన్న పనితో సలుపు ఆగుతుంది, మీకు ఇంకో చోటికి పోయే వ్యవధి దొరుకుతుంది. ఎక్స్‌రే తీసి ఉంటే దాన్ని వెంట తీసుకోండి.

"ఇక నిలబడదు, తీసేయాల్సిందే" అంటే నమ్మండి. వేరు మాత్రమే మిగిలిన పన్ను, పూర్తిగా కదిలిపోయిన పన్ను పట్టుకుని వేలాడి లాభం లేదు.

ఇంకో మాట. పన్ను చూపించుకున్న రోజే "గార తీస్తారా?" అని కూడా అడగండి. గార తీస్తే పళ్లు వదులవుతాయన్న భయం మన ఊళ్లలో ఉంది. గార పోయాక సందులు కనబడి అట్లా అనిపిస్తుంది, పళ్లు వదులయ్యేది ఆ గారను ఏళ్లకేళ్లు ఉంచుకుంటేనే.

పన్ను తీయించుకున్నాక

దూది గట్టిగా కొరికి అరగంట నుంచి ముప్పావుగంట. మాటిమాటికీ ఉమ్మొద్దు, ఉమ్మితే గడ్డకట్టిన రక్తం లేచిపోతుంది. ఆ రోజు పుక్కిలించొద్దు, బీడీ, సిగరెట్, గుట్కా వద్దు, స్ట్రాతో కూల్‌డ్రింక్ వద్దు. చల్లారిన పెరుగన్నం తినండి. మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లతో మెల్లగా పుక్కిలించాలి. మొదటి రెండు రోజులు నొప్పి మామూలే. తగ్గినట్టే తగ్గి మూడో రోజుకు చెవి దాకా లాగే నొప్పి లేస్తే గుంత ఎండిపోయినట్టు, మళ్లీ అదే ఓపీకి పోతే శుభ్రం చేసి మందు పెడతారు. రక్తం ఆగకుండా కారుతుంటే అదే రోజు క్యాజువాలిటీకి పోవాలి.

ఐదో పని: హైదరాబాద్ పోవాల్సి వస్తే

కట్టుడు పళ్లు, కష్టమైన రూట్ కెనాల్, అడ్డంగా మొలిచిన జ్ఞానదంతం, పిల్లల వంకరపళ్లకు తీగలు లాంటి పనులకు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఉస్మానియా ఆసుపత్రి దగ్గరే. దంత వైద్యంలోని ఒక్కో శాఖకు అక్కడ ఒక్కో విభాగం ఉంటుంది, ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పీజీ డాక్టర్లు చేస్తారు. ఓపిక ఎక్కువ కావాలి, ఎందుకంటే ఒక్క సిట్టింగ్‌లో ఏదీ అవదు. పనిలో మాత్రం హడావుడి ఉండదు.

ఈ తిరుగుడుకు బస్సు చార్జీ పెద్ద అడ్డం. ఆడవాళ్లకు ఆ అడ్డం ఇప్పుడు లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రమంతా ఉచితం, తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. హన్మకొండ నుంచి సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం టికెట్ కొట్టించుకోవాల్సిందే. ఇమ్లిబన్ బస్టాండ్‌లో దిగితే అఫ్జల్‌గంజ్ నడిచిపోయే దూరం. మగవాళ్లకు కాజీపేట, వరంగల్ నుంచి సికింద్రాబాద్ ప్యాసింజర్ రైలు అన్నిటికంటే చవక.

హైదరాబాద్ వద్దనుకుంటే మధ్యే మార్గం ప్రైవేటు డెంటల్ కాలేజీలు. ఖమ్మంలో ఒకటి, నిజామాబాద్‌లో ఒకటి ఉన్నాయి. విద్యార్థులకు రోగులు కావాలి కాబట్టి బయటి క్లినిక్‌ కంటే తక్కువ ఫీజుకు చేస్తారు. మొదలుపెట్టే ముందే మొత్తం ఎంతవుతుందో అడగండి.

ఆరోగ్యశ్రీ ఎప్పుడు పనికొస్తుంది

2023 డిసెంబర్‌లో దీని పరిమితిని కుటుంబానికి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. అంత డబ్బు ఉన్నా మీ పిప్పిపన్నుకు అందులోంచి రూపాయి రాదు. ప్రమాదంలో దవడ ఎముక విరిగితే, నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ కావాల్సి వస్తే, పిల్లలకు గ్రహణం మొర్రి ఉంటే మాత్రం ఇదే దారి. ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర (ఈ పథకం కింద రోగులకు సాయం చేసే ఉద్యోగి) బల్ల ఉంటుంది. రేషన్ కార్డు, ఆధార్ ముందు అక్కడ చూపించండి. అనుమతి తెప్పించుకునే పని ఆసుపత్రిదే. అనుమతి వచ్చిన చికిత్సకు విడిగా డబ్బు కట్టమంటే 104కు ఫోన్ చేయండి.

ఇప్పటికే ప్రైవేటులో చేరి దవడ ఆపరేషన్‌కు బిల్లు కట్టినవాళ్లు ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోవచ్చు. అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం, ప్రజాప్రతినిధి సిఫారసు లేఖ కావాలి. ఓపీలో చేసిన పంటి పనికి ఇది ఆశించొద్దు.

మానని పుండు

బీడీ, జర్దా, గుట్కా అలవాటు ఉన్న ఇళ్లలో ఇది చదివి వినిపించండి. నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, బుగ్గ లోపల తెల్లటి లేదా ఎర్రటి మచ్చ కనబడితే, కారం తగిలితే నోరు మండిపోతుంటే, మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోకపోతే నొప్పి లేదని ఊరుకోవద్దు. మొదట్లో క్యాన్సర్ నొప్పి పెట్టదు. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఊళ్లో బీపీ, షుగర్‌తో పాటు నోరు చూసే పని ఏఎన్ఎం పరీక్షల్లో భాగమే, "నా నోరు కూడా సూడు బిడ్డా" అని అడిగి చూపించుకోండి. అనుమానం ఉంటే ఎంజీఎంకు, అక్కడి నుంచి అవసరమైతే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి రాస్తారు.

పిల్లలకు

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వచ్చి 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షిస్తాయి. పిప్పిపళ్లు, గ్రహణం మొర్రి రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. పరీక్ష అయ్యాక పిల్లాడి చేతికి రిఫరల్ చీటీ ఇస్తారు. ఆ చీటీ బడిసంచి అడుగునే నలిగిపోతుంది. బృందం వచ్చిన రోజు సంచి వెతకండి, ఆ చీటీ పట్టుకుని జిల్లా ఆసుపత్రికి పోతే ఎవరికి చూపాలో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు. "పాలపండ్లే గదా, ఊడిపోయేటివే" అని వదలొద్దు. వెనక పాలపళ్లు పదీ పన్నెండేళ్ల దాకా ఉంటాయి. ఆరేళ్లకు వాటి వెనక మొలిచే దవడపన్ను పాలపన్ను కాదు, జీవితాంతం ఉండేది. అమ్మానాన్నలు ఎక్కువగా పొరబడేది దాని విషయంలోనే.

పని కాకపోతే

డాక్టర్ సెలవులో ఉన్నా, కుర్చీ చెడిపోయినా, సామాను లేదన్నా గొడవ పెట్టుకుని ప్రయోజనం లేదు. అట్లని ఊరికే తిరిగి రావొద్దు. మళ్లీ ఎప్పుడు రావాలో ఓపీ చీటీ మీదే తేదీ రాయించుకోండి. ఆ తేదీకీ కాకపోతే ఆర్‌ఎంఓను (ఆసుపత్రి రోజువారీ వ్యవహారాలు చూసే డాక్టర్‌ను) కలవండి, తర్వాత సూపరింటెండెంట్. ఏ ఆసుపత్రి, ఏ తేదీ, ఏ పని, ఏం చెప్పారు అనే నాలుగు వాక్యాలు తెల్లకాగితం మీద రాసి, ఓపీ చీటీ జిరాక్స్ జతచేసి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఒక్కరి కాగితం కంటే అదే ఊరి నుంచి పది మంది సంతకాలున్న కాగితానికి జిల్లా వైద్యాధికారి దగ్గర బరువెక్కువ. చెడిపోయిన కుర్చీ గురించి రాసేటప్పుడు అది ఎప్పటి నుంచి పనిచేయడం లేదో తప్పక రాయండి, జవాబు చెప్పాల్సినవాళ్లను ముందు అడిగేది అదే.